నాలుగో అధ్యాయం, ముప్ఫై ఒకటో నోటు

ముప్ఫై ఒకటో ఫుట్‌నోటు చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. కుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది. బైండింగు బల్ల దగ్గర అట్టలు కోస్తున్న పెద్దాయన కత్తెర ఆపి, కరెంటు షాకు కొట్టిందా అని అడిగాడు. ఏమీ లేదని చెప్పి మళ్లీ కూర్చున్నాను. చేతులు కీబోర్డు మీద పెట్టుకుని, ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను.

ఇరవై రెండేళ్లుగా నాది ఒకటే పని. యూనివర్సిటీ వెనక గేటు ఎదురుగా ఉన్న ఈ ఇరుకు షాపులో కూర్చుని, జనం రాసుకొచ్చిన థీసిస్‌లని ఒక దారికి తెస్తాను. ఐదారేళ్లు కష్టపడి రాస్తారు గానీ ఒక అధ్యాయంలో మార్జిను ఇంచి ఉంటే రెండోదానిలో ఎవరిష్టం వాళ్లది. పుస్తకం పేరు ఒకచోట వాలు అక్షరాల్లో, ఇంకోచోట మామూలు అక్షరాల్లో. చూస్తే ఒళ్లు మండుతుంది. ఇంత చదువుకున్నవాళ్లకి కామా ఎక్కడ పెట్టాలో తెలియదా అని పైకే అంటాను. నా నోటికి భయపడి గైడ్లు కూడా షాపు గడప దగ్గరే నిలబడి మాట్లాడతారు. కానీ ఇన్నేళ్లలో ఒక్క థీసిస్ కూడా నేను చదవలేదు. నాకు కావలసింది అంకెలు, చుక్కలు, ఖాళీలు. చదవడం మొదలుపెడితే పని సాగదు.

ఈ థీసిస్ ఒక టీచరుది. బడిలో పాఠాలు చెప్పుకుంటూ సెలవుల్లో రాసుకుంది. ఆరో అధ్యాయం ఒక్కటే మిగిలిందని మూడేళ్లుగా చెబుతూ వచ్చింది కాబట్టి మా బైండరు ఆవిడకి 'ఆరో అధ్యాయం' అని పేరు పెట్టేశాడు. వీధి మలుపులో ఆవిడ కనబడగానే, అదుగో ఆరో అధ్యాయం వస్తోంది అనేవాడు. విషయం ఏమిటంటే, ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఇక్కడి నూలు మిల్లులో జరిగిన అగ్నిప్రమాదం. దూది గోదాములో మంటలు లేచాయి. అయిదుగురు ఆడవాళ్లు బయటికి రాలేక చనిపోయారు. పక్కతలుపు తుప్పు పట్టి బిగుసుకుపోయిందని విచారణలో తేల్చారు. బిగుసుకోలేదు, తాళం వేసి ఉందని ఈవిడ వాదన. ఆ అయిదుగురిలో ఒకావిడ వాళ్ల అమ్మ. ఆ సంగతి నాకు మొదటిరోజే చెప్పింది. కాగితం సైజు చెప్పినంత మామూలుగా చెప్పింది. అప్పటికి తనకి ఆరేళ్లట.

ఆ మిల్లుకి పగటి షిఫ్టులో గేటు కాపలాదారు మా నాన్న. ఆ మాట నేను ఆవిడకి చెప్పలేదు. షాపులో ఇంటి సంగతులు మాట్లాడటం నాకు గిట్టదు, అందుకే చెప్పలేదనుకున్నాను. దాచడానికి మాత్రం ఏముంది? ఆ రోజు నాన్నకి జ్వరం వచ్చి మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. మంటలు లేచేసరికి దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. ఆ జ్వరమే ఆయన్ని కాపాడిందని అమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పేది. మా ఇంట్లో ఆ ప్రమాదం గురించి తెలిసింది అంతే.

ఇక ఆ రోజు పని. థీసిస్‌లో ఆరొందల పదకొండు ఫుట్‌నోట్లు ఉన్నాయి. ఒకటి నుంచి చివరిదాకా వరస నంబర్లు వేసుకుంది. అలా కుదరదు, ప్రతి అధ్యాయంలోనూ నోట్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవ్వాలి అని యూనివర్సిటీవాళ్లు తిప్పి పంపారు. సాయంత్రం అయిదులోపల బైండు చేసిన కాపీలు ఆఫీసులో పెట్టకపోతే రిజిస్ట్రేషను రద్దు. ఆవిడకి ఇచ్చిన గడువులన్నీ అయిపోయాయి.

పేజీల అడుగున నంబర్లు మార్చడం ఒక్క నొక్కు పని, మెషీనే చూసుకుంటుంది. తంటా అంతా చివరి పట్టికతో వచ్చింది. మిల్లువాళ్లు భయపడుతూ చెప్పిన మాటలు కదా, ఎవరి పేరూ రాయకుండా నోట్లో మాట మాత్రం ఉంచింది. ఏ నోటు ఏ పనివాళ్లదో చివర ఒక పట్టికలో ఇచ్చింది. గేటు కాపలాదారు, రెండొందల పదకొండు. బాయిలర్ మేస్త్రీ, రెండొందల పది. ఇలా నాలుగు పేజీలు, అన్నీ చేత్తో కొట్టిన అంకెలు. వాటి సంగతి మెషీనుకి తెలియదు. కాబట్టి నేనే కూర్చుని తీసివేతలు చేశాను. మొదటి మూడు అధ్యాయాల్లో నూట ఎనభై నోట్లు. రెండొందల పదకొండులోంచి నూట ఎనభై తీస్తే ముప్ఫై ఒకటి. గేటు కాపలాదారు, నాలుగో అధ్యాయం, ముప్ఫై ఒకటి. ఆ నాలుగో అధ్యాయం గైడు ఏదో చిన్న మార్పు చెప్పారని ఆవిడ పొద్దున్నే కొత్తగా పంపింది. దాన్ని పాతదాని స్థానంలో పెట్టేశాను.

పదకొండున్నరకి పట్టిక పూర్తయింది. పూర్తయ్యాక రెండు మూడు నంబర్లు తీసి నోట్లతో సరిచూడటం నాకు అలవాటు. ఏది చూద్దామా అనుకుంటే కన్ను గేటు కాపలాదారు మీద పడింది. మా నాన్న ఏం చెప్పి ఉంటాడో చూద్దామన్న సరదా. అసలు ఆయన ఈవిడతో మాట్లాడాడన్న సంగతే నాకు తెలియదు మరి.

ముప్ఫై ఒకటో నోటులో ఇలా ఉంది: "పక్కతలుపుకి తాళం వేసింది నేనే. షిఫ్టు మొదలవగానే వెయ్యాలని రూలు. తాళంచెవి ఆఫీసులో మేకుకి తగిలించాలి. ఆ రోజు తగిలించలేదు. జేబులోనే ఉండిపోయింది."

నాలుగుసార్లు చదివాను. మొదటిసారి లేచి నిలబడ్డాను, మిగతా మూడుసార్లు కూర్చునే చదివాను. మా ఇంటి తలుపు పక్కన ఒక మేకు ఉంది. తాళంచెవి దానికే తగిలించాలి. బల్ల మీద పెట్టినా, నా సంచిలో పడేసుకున్నా నాన్న ఊరుకోడు. రాత్రి పడుకునే ముందు లేచి వెళ్లి మేకు తడిమి చూస్తాడు. చాదస్తం అని నేను నలభై ఏళ్లు వచ్చాక కూడా వేళాకోళం చేస్తూనే ఉన్నాను. ఆ మేకు కళ్ల ముందు కనబడింది.

భోజనానికి వెళ్లొస్తానని చెప్పి బయటపడ్డాను. మా ఇల్లు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలూ ఏం ఆలోచించానో గుర్తు లేదు. ఒక సైకిలతను నన్ను తిట్టుకుంటూ పోయాడని మాత్రం గుర్తుంది.

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నాన్న కిటికీ దగ్గర బల్ల మీద నా చీర ఇస్త్రీ చేస్తున్నాడు. మిల్లు పని మానేశాక ఇంట్లో ఇస్త్రీ ఆయన సొంత శాఖ, నన్ను ముట్టుకోనివ్వడు. ఇంత తొందరగా వచ్చావేమని అడిగాడు. నేను చెప్పులు కూడా విప్పలేదు.

"నాన్నా, ఆ రోజు పక్కతలుపు తాళంచెవి నీ జేబులో ఉండిపోయిందా?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. స్విచ్చి ఆపాడు. వైరు లాగి చుట్టలా చుట్టాడు. అంతసేపూ నేను ఒక్క మాట కోసం చూశాను. లేదు అనాలి, ఏ తాళంచెవి అనాలి, నీకు మతిపోయిందా అనాలి.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

నువ్వే చెప్పావు కదా, కాగితం మీద ఉంది అన్నాను. ఆయన అదేమీ వినలేదు. మంచం అంచున కూర్చుని చెప్పుకుపోయాడు. పొద్దున్నుంచీ ఒళ్లు కాలిపోతోందట. పన్నెండింటికి ఇంక నిలబడలేక సెలవు చెప్పి వచ్చేశాడట. తాళంచెవి మేకుకి తగిలించాననే అనుకున్నాడట. సాయంత్రం చొక్కా విప్పుతుంటే జేబులో చప్పుడైందట. అప్పటికే వీధిలో జనం పరుగెత్తుతున్నారట. గడ్డపారలతో ఆ తలుపు పగలగొట్టేసరికి అంతా అయిపోయిందట.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఆ సాయంత్రం బాయిలర్ మేస్త్రీ మా ఇంటికి రావడం నాకు గుర్తుంది. నాన్నకి ప్రాణస్నేహితుడు, నేను పెద్దనాన్నా అని పిలిచేదాన్ని. ఒళ్లంతా పొగ వాసన. నన్ను మంచినీళ్లు తెమ్మన్నారు. తెచ్చేసరికి పెద్దనాన్న ఏదో జేబులో వేసుకుంటున్నాడు. ఆయన జేబులో వేసుకున్నది ఆ తాళంచెవేనని నాన్న ఇప్పుడు చెప్పాడు. ఈ మాట నీకూ నాకూ మధ్యే ఉండాలి, నీకు పిల్ల ఉంది అన్నాడట. ఆయనకి పెళ్లాం పిల్లలు లేరు. పోయినేడు చనిపోయేదాకా ప్రతి ఆదివారం వచ్చి నాన్నతో కూర్చునేవాడు.

అమ్మకి తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. నాకు కోపం ఎలా వచ్చిందంటే, ఆ చీర తీసి నేలకేసి కొట్టాను. ఒకే ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్లు, ఇంత పెద్ద మాట కడుపులో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని తిన్నావా అన్నాను. ఆయన వంగి చీర తీసి దులిపి మళ్లీ బల్ల మీద పరిచాడు. నేను వచ్చేశాను. ఏమీ తినలేదు.

షాపుకి వచ్చాక బైండరు నా మొహం చూసి మంచినీళ్ల గ్లాసు తెచ్చి నా ముందు పెట్టాడు. నాకు ఒకటే ఆలోచన. ఈ పుస్తకం లైబ్రరీలోకి వెళుతుంది. పట్టికలో గేటు కాపలాదారు అని ఉంది, పగటి షిఫ్టులో ఉన్నది ఒక్కడే. ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు ఎవరో. పైగా ఆ నంబరు నా చేత్తోనే కొట్టాను. ఒకసారి మళ్లీ చూద్దాం, ఏదైనా తప్పు జరిగి ఉండకూడదా అని పాత ఫైలు తెరిచాను. జరగకూడదని కాదు, జరగాలనే వెతికాను.

జరిగింది.

పొద్దున వచ్చిన నాలుగో అధ్యాయంలో మొదటి పేజీలోనే ఒక కొత్త నోటు ఉంది. గైడు చెప్పిన చిన్న మార్పు అదే. దాంతో ఆ అధ్యాయంలో ప్రతి నోటూ ఒక అంకె కిందికి జరిగింది. పట్టికలో మాత్రం పాత అంకెలే. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నదాన్ని, ఆ అధ్యాయం మొత్తానికి ఒకటి కలపడం మరిచిపోయాను. ముప్ఫై ఒకటి గేటు కాపలాదారుది కాదు. గేటు కాపలాదారుది ముప్ఫై రెండు. అందులో ఇలా ఉంది: "నాకు జ్వరం వచ్చి మధ్యాహ్నమే వెళ్లిపోయాను. తాళం సంగతి నాకు తెలియదు."

ముప్ఫై ఒకటి బాయిలర్ మేస్త్రీది. తాళం నేనే వేశానని చెప్పింది పెద్దనాన్న.

నేను తప్పు అంకె పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. ఆ తప్పు అంకె పెట్టి అడిగితే నాన్న నిజం చెప్పేశాడు. సరైన అంకె చూసి ఉంటే, పాపం జ్వరం అని అనుకుని ప్రింటు తీసేసేదాన్ని. మేస్త్రీ చేసిన పని అని పుస్తకంలో శాశ్వతంగా పడిపోయేది. నాకు ఏడుపు వచ్చింది. ఎవరి కోసం వచ్చిందో చెప్పలేను, నాన్న, పెద్దనాన్న, టీచరు, ముగ్గురి కోసమూ అనుకుంటాను.

నాన్నకి ఫోను చేశాను. కోపం ఇంకా ఉంది, కాబట్టి తిన్నావా అని అడగలేదు. తప్పు నాది, ఆ మాట పుస్తకంలో నువ్వు చెప్పినట్టుగా లేదు, పెద్దనాన్న తన మీద వేసుకున్నాడు అని చెప్పాను.

"వాడలా చెప్పాడా?" అన్నాడు. "నాతో ఒక్క మాట అనలేదే."

టీచరు మూడింటికి వచ్చింది. సర్టిఫికెట్టు పేజీల మీద సంతకాలు పెట్టి, ప్రింటు మొదలుపెడదామా అక్కా అని అడిగింది. పట్టికలో చిన్న తప్పు దొరికింది, సరిచేస్తున్నానని చెప్పాను. నిజమే చెప్పాను గానీ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. ఒకటి కలుపుకుంటూ పోతే పది నిమిషాల పని. చేతులు మాత్రం కదలడం లేదు. అంకెలు సరిచేస్తే పుస్తకం తప్పవుతుంది. అంకెలు తప్పుగానే వదిలేస్తే నిజం నిలుస్తుంది, కానీ చెప్పని మాట నాన్న నోట్లో పెట్టినట్టవుతుంది. తెలిసి తెలిసి ఒక్క తప్పు నంబరు కూడా నేను బయటికి పంపలేదు. ఏం చెయ్యాలో తోచలేదు.

మూడున్నరకి నాన్న షాపు మెట్లెక్కాడు. తను ఇస్త్రీ చేసుకున్న తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. టీచరు వెంటనే గుర్తుపట్టి లేచి నమస్కారం చేసి, మీరిక్కడేమిటని అడిగింది. ఇది మా అమ్మాయి అన్నాడు. ఆవిడ నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

"ఆ తాళంచెవి నా జేబులో ఉండిపోయిందమ్మా," అన్నాడు నాన్న. "మేస్త్రీ నీకు చెప్పింది అబద్ధం. నా కోసం చెప్పాడు."

బైండరు చేతిలో అట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. టీచరుని కూర్చోమని స్టూలు జరిపాను, కూర్చోలేదు.

"మూడేళ్ల కిందట మీరు నా ఎదురుగా కూర్చున్నారు," అంది మెల్లగా. "జ్వరం అన్నారు. ఆ అయిదుగురిలో మీ అమ్మ ఎవరని మీరే అడిగారు. నేను చెప్పాను."

"చెప్పావు. ఆవిడ పేరు విన్నాకే నాకు నోరు రాలేదు. అప్పటిదాకా నిజం చెబుదామనే వచ్చాను."

ఆవిడ తిడుతుందనుకున్నాను. కొట్టినా నేను అడ్డుపడేదాన్ని కాదు. ఆవిడ గోడకి ఆనుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత చెప్పిన మాట మేమెవరమూ అనుకోనిది. మేస్త్రీ ఆ మాట చెప్పాక ఆవిడ ఆయన్ని మళ్లీ చూడలేదట. ఆయన ఆసుపత్రిలో ఉండి రెండుసార్లు కబురు పెట్టాడట. మా అమ్మని చంపినవాడి మొహం నేనెందుకు చూడాలని వెళ్లలేదట.

"నేను వెళ్లలేదు," అని మళ్లీ అంది. "పాపం, ఎందుకు పిలిచాడో."

నాన్న నిలబడలేకపోయాడు. ఆవిడ కోసం జరిపిన స్టూలు మీద ఆయన కూర్చున్నాడు. ఆఖరికి బైండరే గొంతు సవరించుకుని, అమ్మా, జిగురు ఆరడానికి కనీసం అరగంట కావాలి, నాలుగు కావస్తోంది అన్నాడు. ఇవాళ పెట్టకపోతే ఏమవుతుందో నేనూ ఆవిడకి గుర్తుచేశాను. కావాలంటే నోట్లు ఉన్నవి ఉన్నట్టే వెళ్లనివ్వండి, తర్వాత చూసుకుందామన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

టీచరు మొహం తుడుచుకుని నా పక్కకి వచ్చి నిలబడింది. పాఠం చెప్పే గొంతుతో, మేస్త్రీ చెప్పింది చెప్పినట్టే ఉంచండి అంది. ఈయన అప్పుడు చెప్పింది కూడా ఉంచండి, దాని తర్వాత కొత్త నోటు ఒకటి తెరవండి అంది. నాన్న వైపు తిరిగి, ఇప్పుడు చెప్పండి, మా అక్క టైపు చేస్తుంది అంది.

తెరిచాను. ముప్ఫై మూడు అని అంకె దానంతట అదే పడింది. దాని కిందవన్నీ మళ్లీ ఒక అంకె జరిగాయి. నాన్న చెప్పుకుపోయాడు. నేను ఆయన మాట ఒక్కటి మార్చలేదు. ఆయన ఆగిన చోట ఆగాను. చివర టీచరు ఒక్క వాక్యం చేర్చమంది: ముప్ఫై ఒకటో నోటులో మాట చెప్పిన వ్యక్తికి ఆ తాళంతో ఏ సంబంధమూ లేదు. తర్వాత పట్టిక సరిచేశాను. ఈసారి ప్రతి అంకె నోటుతో చూసుకున్నాను, రెండుసార్లు.

ప్రింటు తీసేముందు నాన్న లేచి వచ్చి, నేను చెప్పింది ఏదీ అని అడిగాడు. చూపించాను. కళ్లద్దాలు పైకి తోసుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇంత చిన్నగా ఉందేమిటే?"

"నోట్లన్నీ ఇంతే నాన్నా. పదో సైజు."

"మేస్త్రీదీ ఇంతేనా?"

"ఇంతే."

"రెండూ దగ్గర దగ్గరే ఉన్నాయా?"

ఒకే పేజీలో ఉన్నాయని చెప్పాను. ఆయన తలూపి, తెర మీద ముప్ఫై ఒకటి దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. తెర మీద వేలిముద్రలు పడితే నాకు గిట్టదు, ఎవరైనా పెడితే అరిచేస్తాను. ఆ రోజు ఏమీ అనలేదు. ఆయన చెయ్యి తీసేదాకా ఆగి ప్రింటు నొక్కాను.